ఇంటికి గాజు: ఎంపిక, కొలత, బిగింపు, సంరక్షణపై సమగ్ర మార్గదర్శి

ఇల్లు కట్టేవాళ్ళు సిమెంటు ఏ కంపెనీదో, ఇనుము ఏ గ్రేడో నెలల ముందే ఆరా తీస్తారు. గాజు దగ్గరికి వచ్చేసరికి డబ్బు అయిపోవస్తుంది, గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తుంది. "మీకు ఏది మంచిదనిపిస్తే అది వేసేయండి" అని కిటికీలు, తలుపులు చేసిపెట్టే ఫ్యాబ్రికేటర్‌కి అప్పజెప్పేస్తాం. ఆ మాటతో పడగ్గది కిటికీకి సరిపోయే గాజే బాత్రూమ్ తలుపుకీ, బాల్కనీకీ కూడా వెళ్ళిపోతుంది. గోడ బీటలిస్తే పూడ్చుకోవచ్చు. తలుపు గాజు పగిలితే మనిషికి కుట్లు పడతాయి.

అందుకే గాజు షాపుకి వెళ్ళే ముందు ఇంట్లో గాజు వచ్చే ప్రతి చోటా నిలబడి ఒక ప్రశ్న వేసుకోండి: ఇది పగిలితే ముక్కలు ఎలా ఉంటాయి, ఎవరి మీద పడతాయి? రంగు, డిజైన్, ధర అన్నీ ఆ తర్వాతే.

మొదటి అడుగు: మూడు రకాలను గుర్తుపట్టడం

షాపులో పేర్లు చాలా వినిపిస్తాయి: క్లియర్, బ్రౌన్, ఫ్రాస్టెడ్, పిన్‌హెడ్, రిఫ్లెక్టివ్, ఎక్స్‌ట్రా క్లియర్. ఇవన్నీ రూపానికి సంబంధించినవి. భద్రత వరకు చూస్తే రకాలు మూడే.

ఒకటి, ప్లెయిన్ గాజు. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి సుమారు 1,600 డిగ్రీల వేడిలో కరిగించి, కరిగిన తగరం మీద పరుపులా పారించి చేస్తారు. ఇంగ్లండ్‌కు చెందిన పిల్కింగ్టన్ సంస్థ ఈ ఫ్లోట్ పద్ధతిని 1959లో లోకానికి ప్రకటించింది. అంతకుముందు గాజు రెండు వైపులా అరగదీసి పాలిష్ పడితే తప్ప ఇంత నునుపు వచ్చేది కాదు. ప్లెయిన్ గాజును షాపులోనే కోయొచ్చు. బల్ల మీద పరిచిన మెత్తటి గుడ్డపై గాజు పెట్టి, కటర్ చక్రాన్ని కిరోసిన్‌లో ముంచి, స్కేలు పక్కనే ఒక్క గీత లాగుతాడు పనివాడు. రెండోసారి అదే గీత మీద లాగడు. గీతకు అటూ ఇటూ చేతులు వేసి కాస్త నొక్కితే 'టక్' మని విడిపోతుంది. ఇంత సులువుగా విడిపోయే గాజే, పగిలినప్పుడు పొడుగాటి కత్తుల్లాంటి పెంకులుగా చీలుతుంది.

రెండు, టఫెన్డ్ గాజు. ప్లెయిన్ గాజునే 620 డిగ్రీలు దాటేలా వేడి చేసి, రెండు వైపులా గాలిని బలంగా కొట్టి చప్పున చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలిది తర్వాత చల్లారుతూ దాన్ని లోపలికి లాగుతుంది. ఈ బిగువు వల్లే దీనికి ప్లెయిన్ గాజు కంటే నాలుగైదు రెట్లు బలం. పగిలినప్పుడు కూడా ఆ బిగువు ఒక్కసారిగా విడిపోయి, మొత్తం పలక పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. చర్మం గీరుకుపోవచ్చు గానీ లోతైన గాయాలు అరుదు. ఒకసారి టఫెన్ చేశాక కోయడం, రంధ్రం వేయడం, అంచు అరగదీయడం కుదరదు. కొలత తప్పితే ఆ గాజు మొత్తం దండగే.

మూడు, లామినేటెడ్ గాజు. రెండు గాజుల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి, వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని అక్కడే నిలబడతాయి. పొర మందం 0.38 ఎంఎంతో మొదలై 0.76, 1.52 ఇలా పెరుగుతుంది.

ఈ తేడా మీ కారులోనే ఉంది. ముందు అద్దం లామినేటెడ్, రాయి తగిలితే సాలెగూడులా బీటలిస్తుంది గానీ ఊడిపడదు. పక్క అద్దాలు చాలా కార్లలో టఫెన్డ్, పగిలితే సీటు నిండా పలుకులు. ఇంటికి కూడా ఇదే లెక్క.

రెండో అడుగు: ఏ చోటికి ఏది

నడుము ఎత్తున గోడ ఉండి, దాని పైన చిన్న పలకలతో గ్రిల్ వెనక ఉండే మామూలు కిటికీకి ప్లెయిన్ గాజు 4 లేదా 5 ఎంఎం సరిపోతుంది. ఇక్కడ టఫెన్డ్ వేసి డబ్బు పోసుకోనక్కర్లేదు. ఆ మిగిలిన డబ్బు కింద చెప్పే చోట్ల పెట్టండి.

నేల దాకా వచ్చే స్లైడింగ్ తలుపు, బాత్రూమ్‌లో షవర్ పార్టిషన్, మెట్ల పక్కన గాజు, టీవీ యూనిట్ తలుపులు, సెంటర్ టేబుల్: ఇవన్నీ మనిషి ఒళ్ళు తగిలే చోట్లు. ఇక్కడ ప్లెయిన్ గాజు వద్దే వద్దు. బాత్రూమ్ అయితే మరీ. తడి నేల మీద కాలు జారినవాళ్ళు పట్టుకునేది ఆ గాజునే. షవర్‌కి 8 లేదా 10 ఎంఎం టఫెన్డ్ తీసుకోండి. ఎవరైనా "10 ఎంఎం ప్లెయిన్ వేస్తాను సార్, మందంగా ఉంటుంది, పగలదు" అంటే ఒప్పుకోకండి. మందం పెరిగితే కాస్త బలం పెరుగుతుంది గానీ, పగిలితే అవే కత్తుల్లాంటి పెంకులు, ఇంకా బరువుగా.

బాల్కనీ రెయిలింగ్, తల మీద వచ్చే స్కైలైట్, పోర్టికో పైకప్పు: ఈ మూడింటికీ లామినేటెడ్ తప్పనిసరి అనుకోండి. అదీ రెండు టఫెన్డ్ గాజులను కలిపి లామినేట్ చేసింది అయితే మేలు. కారణం ఉంది. టఫెన్డ్ గాజు ఒక్కోసారి ఎవరూ తాకకుండానే పగిలిపోతుంది. తయారీలో నికెల్ సల్ఫైడ్ అనే సూక్ష్మమైన రేణువు గాజులో ఉండిపోతే, అది నెలల తర్వాతో ఏళ్ళ తర్వాతో మెల్లగా ఉబ్బి లోపలి బిగువును విడగొడుతుంది. అర్ధరాత్రి 'ఢాం' అని పగిలి, పొద్దున లేచి చూస్తే రాళ్ళ కుప్ప మిగిలిన సందర్భాలు ఇవే. షవర్‌లో అయితే ఊడ్చుకుని కొత్తది వేసుకుంటాం. అయిదో అంతస్తు బాల్కనీలో అయితే? పలుకులు కింద నడిచేవాళ్ళ మీద పడతాయి, పైన పిల్లలకు అడ్డు లేకుండా పోతుంది. ఈ రేణువున్న గాజుల్లో ఎక్కువ భాగాన్ని ఫ్యాక్టరీలోనే పట్టేయడానికి హీట్ సోక్ టెస్ట్ అని చేస్తారు, సుమారు 260 నుంచి 290 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచుతారు. రెయిలింగ్ ఆర్డర్‌లో ఆ టెస్ట్ చేయించమని రాయించండి. రెయిలింగ్ మీద స్టీలు చేతిపట్టీ కూడా పెట్టించండి. పైన ఏమీ లేకుండా గాజు ఒక్కటే నిలబడితే ఫొటోల్లో బాగుంటుంది, కానీ పిల్లలున్న ఇంటికి నేను చచ్చినా సిఫారసు చేయను.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల వాళ్ళకు ఇంకో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు విమానాశ్రయంతో సహా ఎన్నో భవనాల అద్దాలు పోయాయి. సముద్రం వైపు పెద్ద కిటికీలకు గాజు మందం మేస్త్రీ అంచనాతో తేల్చేది కాదు. పలక సైజు, అంతస్తు ఎత్తు, గాలి వేగం చూసి స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్క కట్టాలి. ఫిట్టింగులు స్టెయిన్‌లెస్ స్టీలులో 316 గ్రేడ్ (ఎస్‌ఎస్ 316) అడగండి. 304 గ్రేడ్ స్టీలుకు ఉప్పుగాలిలో మచ్చలు తేలతాయి.

మూడో అడుగు: ఎండ లెక్క

రెంటచింతల, రామగుండంలాంటి చోట్ల మే నెల ఎండలో ఉండేవాళ్ళకు ఇది భద్రత తర్వాత అంత ముఖ్యమైన విషయం. 6 ఎంఎం క్లియర్ గాజు మీద పడిన ఎండ వేడిలో సుమారు 80 శాతం లోపలికి వచ్చేస్తుంది. పడమటి వైపు పెద్ద కిటికీ పెట్టి, దానికి క్లియర్ గాజు వేసి, ఏసీ టన్నేజీ పెంచుకుంటూ పోవడం వల్ల కరెంటు బిల్లు తప్ప ఏమీ పెరగదు.

డబుల్ గ్లేజింగ్ వేస్తే చాలంటారు సేల్స్‌వాళ్ళు. రెండు గాజుల మధ్య గాలి ఖాళీ వల్ల గదిలోకి వేడి పాకడం సుమారు సగానికి తగ్గుతుంది, నిజమే. శబ్దం కూడా కొంత తగ్గుతుంది. అయితే రెండూ క్లియర్ గాజులే అయితే నేరుగా పడే ఎండ మాత్రం పెద్దగా ఆగదు. చలిదేశాలకు ఆ గాలి ఖాళీ ముఖ్యం, మనకు ఎండను తిప్పికొట్టే పూత ముఖ్యం. కాబట్టి "సోలార్ కంట్రోల్ లో-ఈ పూత ఉందా? ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుంది?" అని అడగండి. కంపెనీ డేటా షీట్‌లో ఆ సంఖ్య ఎస్‌హెచ్‌జీసీ పేరుతో ఉంటుంది. 0.8 అంటే 80 శాతం వచ్చినట్టు, 0.3 అంటే 30 శాతం. పడమటి వైపు ఈ సంఖ్య ఎంత తక్కువుంటే అంత హాయి.

బ్రౌన్, గ్రే గాజులు ఎండను పీల్చుకుని తామే బాగా వేడెక్కిపోతాయి. సగం పలక నీడలో, సగం ఎండలో ఉంటే ఒక భాగం వ్యాకోచించి, రెండో భాగం కదలక, అంచు దగ్గర చీలిక మొదలవుతుంది. ఇలాంటి చీలికను గుర్తుపట్టడం తేలిక: దెబ్బ తగిలిన గుర్తు ఉండదు, అంచు నుంచి సూటిగా లోపలికి బయలుదేరి తర్వాత వంకర తిరుగుతుంది. పెద్ద సైజు రంగు గాజైతే టఫెన్ చేయించడం మంచిది. కిటికీకి ఆనించి మందపాటి పరదా వేసినా, బీరువా నిలబెట్టినా ఇదే ఇబ్బంది.

రిఫ్లెక్టివ్ గాజు పగలు మాత్రమే బయటివాళ్ళకు కనబడనివ్వదు. రాత్రి లోపల లైటు వేస్తే లెక్క తారుమారు, మీరే కనబడతారు. పడగ్గదికి పరదా ఎలాగూ కావాలి.

వీటన్నిటికంటే చవకైన మందు సజ్జా. ఎండను గాజు బయటే ఆపితే ఏ పూతా దానికి సాటి రాదు. ఇల్లు ఇంకా ప్లాన్ దశలోనే ఉంటే దక్షిణం వైపు సజ్జాలు కాస్త బయటికి లాగించండి. పడమటి ఎండ వాలుగా వస్తుంది కాబట్టి అటువైపు నిలువు జాలీగానీ, చెట్టుగానీ పనిచేస్తుంది.

నాలుగో అడుగు: బరువు, కొలత

గాజు బరువు లెక్క అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. ఒక చదరపు మీటరుకు, ప్రతి ఎంఎం మందానికి రెండున్నర కిలోలు. అడుగుల్లో చెప్పాలంటే చదరపు అడుగుకు, ఒక్కో ఎంఎంకు సుమారు 230 గ్రాములు. 7 అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న 10 ఎంఎం షవర్ తలుపు దాదాపు 40 కిలోలు తూగుతుంది. దాన్ని రెండు కబ్జాలు మోయాలి, ఆ కబ్జాల స్క్రూలు టైల్ వెనక ఇటుకలో దిగాలి. డైనింగ్ టేబుల్ మీద 6 అడుగులకు మూడున్నర అడుగుల 12 ఎంఎం గాజు వేస్తే 58 కిలోలు. పాత బల్ల కాళ్ళు ఆ బరువు ఆగుతాయో లేదో ముందే చూసుకోండి.

కొలత ఎప్పుడు తీసుకోవాలి? గ్రానైట్, టైల్స్, ప్లాస్టరింగ్, ఫ్రేము అన్నీ పూర్తయ్యాకే. "ప్లాన్‌లో 4 అడుగులే ఉంది కదా" అని ముందే ఆర్డర్ పెడితే ప్లాస్టరింగ్ అరంగుళం తినేస్తుంది. వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలవండి. ఎత్తు కూడా ఎడమన, మధ్యన, కుడిన. అన్నిట్లో చిన్న కొలతే మీ కొలత. తర్వాత మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టండి. ఆ రెండూ సమానంగా లేకపోతే ఫ్రేము మూలమట్టంలో లేదన్నమాట. గాజు మాత్రం చక్కగా మూలమట్టంలోనే వస్తుంది, అప్పుడు ఒక మూల ఇరుక్కుని మరో మూల ఖాళీ మిగులుతుంది. ముందు ఫ్రేము సరిచేయించండి.

చిన్న కొలతలోంచి ప్రతి వైపు 3 ఎంఎం చొప్పున తగ్గించి ఆర్డర్ ఇవ్వండి. ఆ ఖాళీ గాజు వ్యాకోచించడానికి, కింద రబ్బరు దిమ్మ పెట్టడానికి. కొలత కాగితం మీద వెడల్పు ముందు, ఎత్తు తర్వాత రాసి, పక్కన "వెడల్పు", "ఎత్తు" అని స్పష్టంగా పేర్లు కూడా రాయండి. ఇంచీలా, ఎంఎంలా అన్నది కూడా. రంధ్రాలు, కోతలు ఉంటే బొమ్మ గీసి, "బయటి నుంచి చూస్తే" అనో "లోపలి నుంచి చూస్తే" అనో తప్పకుండా రాయండి. రంధ్రం వ్యాసం గాజు మందం కంటే తక్కువ ఉండకూడదు, రంధ్రం అంచుకీ గాజు అంచుకీ మధ్య దూరం మందానికి కనీసం రెట్టింపు ఉండాలి.

బిల్లు దగ్గర ఒక జాగ్రత్త. చాలా షాపుల్లో సైజును పైకి సవరించి డబ్బు లెక్క కడతారు, కొందరు 3 ఇంచీలకు, కొందరు 6 ఇంచీలకు. మీ పలక 25 ఇంచీలైతే 30 ఇంచీలకు బిల్లు పడొచ్చు. అది మోసం కాదు, వృథా పోయే గాజు ఖర్చు. కాకపోతే ఆర్డర్‌కి ముందే అడిగితే, వీలైన చోట పలక సైజు 24కి మార్చుకోవచ్చు. అంచు పాలిష్, రంధ్రాలు, టఫెనింగ్, రవాణా, బిగింపు దేనికెంతో విడివిడిగా రాయించుకోండి.

అయిదో అడుగు: సరుకు దిగినప్పుడు చూడాల్సినవి

లారీ దగ్గరే చూడండి. బిగించాక అడిగితే ఎవరూ పట్టించుకోరు.

మూలన చెరిగిపోని ముద్ర ఉందా? భవనాల్లో వాడే టఫెన్డ్, లామినేటెడ్ గాజుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2553 మొదటి భాగం. ముద్రలో తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు కనబడాలి. ముద్ర లేని "టఫెన్డ్" గాజును దింపుకోకండి.

ముద్ర మీద కూడా అనుమానం ఉంటే పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుని, ఆకాశం ప్రతిబింబించేలా గాజును ఏటవాలుగా చూడండి. టఫెన్డ్ అయితే లేత నీలం, బూడిద రంగు మచ్చలో చారలో వరసగా తేలతాయి, గాలి గొట్టాలు చల్లార్చిన గుర్తులవి. ప్లెయిన్ గాజులో ఏమీ కనబడదు. ఆగి ఉన్న కారు వెనక అద్దం మీద ఒకసారి చూసి కన్ను అలవాటు చేసుకుంటే షాపులో వెంటనే పోల్చుకోగలరు.

తర్వాత అంచులు. నాలుగు వైపులా కళ్ళతో చూడండి. పెచ్చు ఎగిరిన చోట ఉంటే అక్కడి నుంచే రేపు బీట మొదలవుతుంది, ముఖ్యంగా టఫెన్డ్‌కి అంచే ఆయువుపట్టు. లామినేటెడ్ అయితే అంచు వెంట తెల్లటి బుడగలు, పొర విడిపోవడం లేకుండా చూడండి.

బిగించేదాకా గాజును పడుకోబెట్టకూడదు. కింద చెక్క బద్దలు, వెనక దన్ను పెట్టి, కాస్త వాలుగా నిలబెట్టాలి. పలకల మధ్య కాగితం ఉండాలి. వాన నీళ్ళు పలకల మధ్య చేరి రోజుల తరబడి ఉంటే గాజు మీద పాలపొర లాంటి మరక పడుతుంది, అది ఏ లిక్విడ్‌కీ పోదు. సిమెంటు నీళ్ళు, సున్నం చుక్కలు ఎండిపోయినా గాజును తినేస్తాయి. వెల్డింగ్ నిప్పురవ్వలు గాజులోకే దిగిపోయి గుంటలు చేస్తాయి. గ్రిల్ వెల్డింగ్ అంతా అయ్యాకే గాజు తెప్పించండి.

ఆరో అడుగు: బిగింపు

గాజు ఎక్కడా నేరుగా ఇనుముకో, గోడకో, స్క్రూకో తగలకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం పగుళ్ళు తప్పుతాయి. ఫ్రేములో కింద రెండు గట్టి రబ్బరు దిమ్మలు, ఒక్కోటి మూల నుంచి వెడల్పులో నాలుగో వంతు దూరంలో పెట్టి వాటి మీద గాజు కూర్చోబెట్టాలి. ఫ్రేము అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు ఉండాలి, వాటిని సిలికాన్‌తో మూసేయకుండా చూడండి. నీళ్ళు నిలిస్తే డబుల్ గ్లేజింగ్ సీలు దెబ్బతిని రెండు గాజుల మధ్య ఆవిరి పడుతుంది, లామినేటెడ్ అంచు తెల్లబడుతుంది.

సిలికాన్ విషయంలో చాలామంది పొరబడతారు. పిండగానే వెనిగర్ వాసన ఘాటుగా వచ్చేది అసిటిక్ రకం. చవక, తొందరగా ఆరుతుంది. కానీ అందులోంచి వచ్చే ఆమ్లం లామినేటెడ్ పొరనీ, ముఖం చూసుకునే అద్దం వెనకున్న వెండి పూతనీ పాడుచేస్తుంది. బాత్రూమ్ అద్దాల అంచు నల్లబడడానికి తడితో పాటు ఇదీ ఒక కారణం. వీటికి న్యూట్రల్ సిలికాన్ వాడించండి, ట్యూబు మీద రాసి ఉంటుంది. అద్దాన్ని గోడకు పూర్తిగా అతికించకుండా వెనక సన్నటి ఖాళీ వదిలితే తేమ ఆరుతుంది.

పూర్తి ఎత్తు క్లియర్ గాజు తలుపు ఉంటే కంటి ఎత్తున, పిల్లల కంటి ఎత్తున రెండు చోట్ల ఫ్రాస్టెడ్ పట్టీ అతికించండి. శుభ్రంగా తుడిచిన గాజు కనబడదు, చుట్టాలొచ్చినప్పుడు ఎవరో ఒకరు నుదురు కొట్టుకుంటారు.

వంటింటి గాజు

ఇదో వేరే ప్రపంచం, అయినా తెలుసుకోవాల్సింది తక్కువే. మామూలు గ్లాసులు, సీసాలు సోడా-లైమ్ గాజు. వేడికి ఇది బోరోసిలికేట్ గాజు కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసులో మరిగే టీ పోస్తే పగులుతుంది. ఓవెన్‌కి, వేడి పదార్థాలకి బోరోసిలికేట్ అని రాసి ఉన్నవే తీసుకోండి. అవి కూడా ఓవెన్‌లోంచి తీసి తడి గ్రానైట్ మీద పెట్టకూడదు, చెక్క మీదో పొడిగుడ్డ మీదో పెట్టాలి.

ఆవకాయకు గాజు సీసా చక్కగా పనికొస్తుంది, ఉప్పూ పులుపూ దాన్నేమీ చేయలేవు. తుప్పు పట్టేది రేకు మూతే, గాజు మూతో ప్లాస్టిక్ మూతో చూసుకోండి. సీసాను మరిగించి శుభ్రం చేసేటప్పుడు చన్నీళ్ళలో పెట్టి నీళ్ళతో పాటే వేడెక్కనివ్వండి. పాతకాలపు బరువైన సీసం క్రిస్టల్ పాత్రల్లో మాత్రం ఊరగాయ, నిమ్మరసం నిల్వ ఉంచొద్దు, పులుపుకి సీసం ఊరుతుంది.

గాజు టాప్ ఉన్న గ్యాస్ స్టవ్ వేడిగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడవకండి. పెద్ద గుండిగ పెట్టినప్పుడు మంట కిందికి మళ్ళి గాజును కాలుస్తుంది, పండగ వంటలకు ఇనుప స్టవ్ వాడుకోవడమే మంచిది.

శుభ్రం చేయడం, పగిలితే ఎత్తడం

బోరు నీళ్ళున్న ఇళ్ళలో షవర్ గాజు నెలల్లోనే తెల్లబడుతుంది. అది గాజు తప్పు కాదు, నీళ్ళలోని సున్నం ఎండిపోవడం. స్నానం అవగానే రబ్బరు వైపర్‌తో ఒక్కసారి లాగేస్తే మరక పట్టదు. పట్టిందాన్ని తెల్ల వెనిగర్ సగం, నీళ్ళు సగం కలిపి రాసి, పది నిమిషాలు ఉంచి కడగండి. బాత్రూమ్ యాసిడ్ జోలికి పోకండి, కబ్జాలూ టైల్ సందులూ పాడవుతాయి. స్టీలు పీచు, బ్లేడు కూడా వద్దు.

గాజు పగిలితే ముందు పిల్లల్నీ, పెంపుడు జంతువుల్నీ పక్క గదిలోకి పంపి, చెప్పులేసుకుని రండి. పెద్ద ముక్కలు మందపాటి గ్లోవ్స్‌తో, మిగతావి చీపురుతో తీసి, చివర్లో తడి కాగితాన్ని నేల మీద అద్దుతూ పోండి, కంటికి కనబడని పలుకులు దానికి అంటుకుంటాయి. ఫోన్ టార్చ్‌ను నేలకు దాదాపు ఆనించి పక్కకు వెలుగు వేస్తే మిగిలినవి మెరుస్తాయి. ముక్కల్ని అట్టపెట్టెలో వేసి, టేపు చుట్టి, పైన పెద్ద అక్షరాలతో "పగిలిన గాజు" అని రాసి పొడి చెత్తలో విడిగా ఇవ్వండి. చెత్త బండి దగ్గర సంచీలు విప్పి వేరుచేసేవాళ్ళు చాలాసార్లు ఉత్త చేతులతోనే ఆ పని చేస్తుంటారు.